అరువిచ్చిన పేరు

మన పాఠశాల విడిచి కళాశాలకుఁ బోయినవారు తమ యనుభవములఁ గొన్ని ఈ సంచికకు వ్రాయవలెనని ఉపాధ్యాయులు కోరిరి. గొప్పలు చెప్పుకొనుటకు నాకేమియు లేవు. నేను చేసిన యొక తప్పును మాత్రము వ్రాయుచున్నాను. మీలోఁ బలువురు త్వరలోనే కళాశాల కంప్యూటర్ల ముందు కూర్చుండఁబోవుదురు గనుక ఇది మీకుఁ గొంత యుపకరింపవచ్చును.

నాది మహబూబాబాదు. కళాశాల హాస్టలులో మా గదియందు మువ్వురము. ఒకఁడు జనగామవాఁడు, మఱియొకఁడు భూపాలపల్లివాఁడు, బొగ్గుగని కార్మికుని కుమారుఁడు. ఈ మూఁడు పట్టణములును 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనివే యగుటచే మేము ఒక యింటివారివలె మెలఁగితిమి. సబ్బు, దువ్వెన, ఇంటినుండి వచ్చిన సకినాలు అన్నియు ముగ్గురివే.

చేరిన వారములోనే కార్యాలయమువారు ఒక్కొక్కరికి నొక చీటి యిచ్చిరి. నెట్‌వర్కులోఁ బ్రవేశించుటకు వలసిన పేరును, పాస్‌వర్డును దానిపై ముద్రింపఁబడి యుండెను. అవి చెప్పినఁగాని ద్వారము తెఱచుకొనదు. దినమునకు ఇంతమాత్రమే వాడుకొనవలెనను పరిమితియు నుండెను.

ఇది పనిచేయు విధమును మా జనగామ మిత్రుఁడు రైలుమార్గముల యుపమానముతోఁ జెప్పెడివాఁడు. మనము పంపు సందేశము ఒక్క ముద్దగాఁ బోదు. చిన్నచిన్న ప్యాకెట్లుగా విడఁగొట్టఁబడును. ప్రతిదానిపైనను పంపినవాని చిరునామాయు, చేరవలసినవాని చిరునామాయు నుండును. సికింద్రాబాదునుండి జనగామ మీఁదుగా వచ్చు మార్గమును, విజయవాడనుండి డోర్నకల్లు, మహబూబాబాదుల మీఁదుగా వచ్చు మార్గమును కాజీపేటలోఁ గలియఁగా, అచ్చట బండ్లు తమతమ పట్టాలకు మరలింపఁబడును గదా! అట్లే రౌటరను యంత్రము చిరునామా చూచి ప్యాకెట్లను మరలించును. అవి వేఱువేఱు త్రోవలఁ బోయినను గమ్యమున మఱల వరుసగాఁ గూర్చఁబడును.

1969 అక్టోబరు 29న అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనా సంస్థకు ఇట్టి నెట్‌వర్కుపైఁ దొలి సందేశము పోయెను. లాగిన్ అను మాటను పంపఁబోఁగా మొదటి రెండక్షరములు చేరినంతనే యంత్రము నిలిచిపోయినది. మన దేశమున 1986లో ఎర్నెట్ అను పేర ఐ.ఐ.టి.లు మొదలగు సంస్థలలో ఈ ప్రయత్నము ఆరంభమయ్యెను. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు లభించినది 1995 ఆగస్టు 15 నుండియే. అనఁగా ఈ సౌకర్యము బజారునకు రాకమునుపే విద్యాలయమునకు వచ్చినది.

అయితే వెలుపలి ప్రపంచమునకు మా గదుల చిరునామాలు కనఁబడవు. బహుకాలమునుండి వాడుకలోనున్న చిరునామాలు మొత్తము 429 కోట్లకుఁ గొంచెము మించి మాత్రమే యుండుటచే, కళాశాలలు లోపల సొంత చిరునామాలు వాడుకొని, బయటివారితోఁ గొలఁది చిరునామాలతోనే వ్యవహరించును. విద్యార్థి యెవఁడు ఏమి యడిగినను, అడిగినది కళాశాలయే యని బయటివారు గ్రహింతురు. ఎవఁడు ఏ గడియలో నడిగెనో లోపలి సర్వరులో మాత్రము నమోదగును. ఈ సంగతి నాకుఁ జాల నాలస్యముగాఁ దెలిసినది.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక రాత్రి భూపాలపల్లి మిత్రుఁడు తన పరిమితి ముగిసినదనియు, నా పాస్‌వర్డు కావలెననియుఁ గోరెను. సబ్బు నడిగినట్లే యడిగెను. సబ్బు నిచ్చినట్లే యిచ్చితిని.

మూఁడవనాఁడు గ్రంథాలయపు ద్వారమున నొక ప్రకటన కనఁబడెను: పరిశోధన పత్రికలు కొంతకాలము లభింపవు. ఇంటికడ ఆ పత్రికలు దొరకవు గనుక, సెలవులలోఁ జదువుకొందమని నా మిత్రుఁడు రాత్రియంతయు నొక సాధనముతో వందలకొలఁది వ్యాసములను దింపుకొనెను. అట్లు మూఁకుమ్మడిగా దింపుకొనుట చందా షరతులకు విరుద్ధము. ప్రచురణకర్తల యంత్రములు దానిని గుర్తించి కళాశాల చిరునామాలన్నిటికిని తలుపు మూసివేసినవి.

నన్నుఁ బిలిపించిరి. నమోదులో నున్నది నా పేరే. నెట్‌వర్కు చూచు నుద్యోగి కోపపడలేదు. ఇది నీవు చేసినదేనా యని మాత్రము అడిగెను. నేను చేయలేదనియు, నా పాస్‌వర్డు నెవరో దొంగిలించి యుందురనియుఁ జెప్పితిని. మొదటి మాట నిజము, రెండవది యబద్ధము. అది స్నేహధర్మమని యప్పుడు తలఁచితిని. నిజమునకు నన్ను నేను గాపాడుకొనుటకే యట్లంటిని.

ఆ సాయంకాలము గ్రంథాలయములో నొక పరిశోధక విద్యార్థిని, మూయఁబడిన పుటనే మాటిమాటికిఁ దెఱచి చూచుచుండెను. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకుఁ బండ్రెండు దినములే గడువున్నదని యామె గ్రంథాలయాధికారితోఁ జెప్పుచుండఁగా వింటిని. కారణము తెలిపి, మఱల జరుగదని హామీ యిచ్చినఁగాని వారు తెఱవరనియు, పాస్‌వర్డు దొంగ దొరకువఱకుఁ దానేమని వ్రాయఁగలననియు ఆయన బదులు చెప్పెను. నా యబద్ధము ఎవరి దారికి అడ్డముగాఁ గూర్చున్నదో అప్పుడు కన్నులారఁ జూచితిని.

రాత్రి యీ సంగతి మిత్రునితోఁ జెప్పితిని. అతఁడు చాలసేపు మాటాడలేదు. పిమ్మటఁ దన తండ్రి మాట యొకటి చెప్పెను. గనిలో దిగు ప్రతివాఁడును తన సంఖ్యగల దీపమునే కొనిపోవలెనఁట. ఏ దీపము తిరిగి రాలేదో చూచి, ఎవఁడు లోపల నిలిచిపోయెనో తెలిసికొందురఁట. కావున ఒకని దీపము వేఱొకఁడు తీసికొనరాదఁట. “నేను నీ దీపము తీసికొనిపోయితిని. ఉదయమే పోదము” అనెను.

మఱునాఁ డిద్దఱమును పోయి నిజము చెప్పితిమి. దింపిన వ్యాసములను చెఱిపివేయించి, పదునైదు దినములు మా యిద్దఱికిని నెట్‌వర్కు నిలిపిరి. గ్రంథాలయాధికారి జాబు వ్రాసిన నాల్గవనాఁడు పత్రికలు తిరిగి లభించెను. ఆ పరిశోధకురాలు గడువులోపల సమర్పించెనో లేదో నేనడుగలేదు. అడుగుటకు నాకు ముఖము చెల్లలేదు.

ఆ పదునైదు దినములును జనగామ మిత్రుఁడు తన పాస్‌వర్డును మాకీయలేదు, మేమును అడుగలేదు. కాని ప్రతిరాత్రియుఁ దాను చదివిన పాఠమును చేతితో వ్రాసి మా బల్లపై నుంచెడివాఁడు. అంతకన్న స్నేహితుఁడు చేయఁదగిన దేమున్నది?

2025 జనవరి నుండి ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకముచే ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పరిశోధన పత్రికలు అందుచున్నవి. మా కాలమున కొలఁదిమందికే దక్కినది రేపు మీకు సులభముగా దక్కవచ్చును. అప్పుడు మీ చేతికి నొక చీటి వచ్చును. సబ్బును, సకినాలను తప్పక పంచుకొనుఁడు. తెలిసిన పాఠమును విసుగుకొనక చెప్పుఁడు. ఆ చీటిమీఁది పేరును మాత్రము ఎవరికిని అరువీయకుఁడు.