బడి నుంచి గంబో దాకా... ఒకటే వీధి!

న్యూ ఆర్లియన్స్‌లో ఎవరైనా ‘మీదే స్కూలు?’ అని అడిగితే కాలేజీ పేరు చెప్పకండి. వాళ్లడిగేది హైస్కూలు గురించి! మన దగ్గర ‘ఎవరి తాలూకు?’ అని ఆరా తీస్తారే, అలాంటిదే ఇదీ. క్యాథలిక్ హైస్కూళ్లు బోలెడున్న ఆ ఊళ్లో బడి పేరు చెబితే పేట, కులాసాలు, చుట్టరికాలు అన్నీ తెలిసిపోతాయి.

ఆ బడుల్లో సెయింట్ మేరీస్ అకాడమీ ఒకటి. నల్లజాతి సన్యాసినులు 1867లో తమ ఆడపిల్లల కోసం పెట్టారు. 1881 నుంచి ఎనభై ఏళ్లకు పైగా ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఆర్లియన్స్ వీధిలోనే నడిచింది. అంతకుముందు అక్కడ బాల్ డాన్సుల హాలుండేది, ఇప్పుడు బోర్బన్ ఆర్లియన్స్ హోటలుంది. ఇక్కణ్నుంచి సుమారు మైలు దూరం నడవండి. మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు అడ్డొస్తుంది, చుట్టి వెళ్లాలి. ఒకప్పుడు బానిసలు ఆదివారాలు చేరి ఆడిపాడిన కాంగో స్క్వేర్ అందులోనే ఉంది. పార్కు దాటాక ఫ్లైఓవర్ కిందుగా అదే రోడ్డు ఆర్లియన్స్ అవెన్యూగా సాగుతుంది. ఆ రోడ్డు మీదే ఉంది డూకీ చేజ్ రెస్టారెంట్.

దానికి పేరు తెచ్చిన లియా చేజ్ ఆ బడి విద్యార్థినే. సరస్సు అవతలి మాడిసన్‌విల్‌లో నల్లపిల్లలకు క్యాథలిక్ హైస్కూలు లేక నగరానికొచ్చి చదువుకుంది. తర్వాత ఫ్రెంచ్ క్వార్టర్‌లో వెయిట్రెస్‌గా చేరింది. తాను వడ్డించే బల్ల దగ్గర తనవాళ్లు కూర్చోవడానికి లేని రోజులవి! 1946లో చేజ్‌ల ఇంటి కోడలైంది. 1941లో మొదలైన అత్తవారి శాండ్‌విచ్ కొట్టుని తెల్లటి బల్లగుడ్డలూ క్రియోల్ వంటలూ ఉన్న రెస్టారెంటుగా మార్చింది. గోడల నిండా నల్లజాతి చిత్రకారుల బొమ్మలు పెట్టింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర తినడం చట్టవిరుద్ధమైన కాలంలోనే పై అంతస్తు గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి గంబో వడ్డించింది. పౌరహక్కుల ఉద్యమానికి ఎన్నో ఎత్తుగడలు ఆ గదిలోనే పడ్డాయి.

గంబో అంటే పులుసులా చిక్కటి సూప్. దాన్ని ఎలా తినాలో ఆవిడ మాటే మాట. రుచి చూడకుండా హాట్ సాస్ వేసుకున్నందుకు బరాక్ ఒబామా కూడా చీవాట్లు తిన్నాడు!

2005లో కత్రినా తుపాను బడినీ హోటల్నీ కూడా ముంచేసింది. అప్పటికి ఆమెకి 82 ఏళ్లు. అయినా 2007లో మళ్లీ తలుపులు తెరిచింది. అప్పటికే వేరే చోటికి మారిన బడి 2006లో కొన్ని నెలలు మరో రెండు క్యాథలిక్ బడులతో కలిసి నడిచింది. పైథాగరస్ సిద్ధాంతానికి త్రికోణమితితో కొత్త నిరూపణ చూపి 2023లో వార్తల్లోకెక్కిన ఇద్దరమ్మాయిలు ఆ బడివాళ్లే.

లియా 2019లో కన్నుమూసింది. రెస్టారెంటుని కుటుంబమే నడుపుతోంది. వీలైతే గుడ్ ఫ్రైడే ముందురోజు గురువారం వెళ్లండి. ఆ రోజు ‘గంబో జెర్బ్’ చేస్తారు. ఆవాకు, టర్నిప్ ఆకు, బీట్‌రూట్ ఆకు, పాలకూర, క్యాబేజీ, మనం పారేసే క్యారెట్ ఆకుతో సహా తొమ్మిది రకాలు ఉడికించి, మాంసం కలిపి వండుతారు. అచ్చం మన కలగూరే! ఆకులు బేసి సంఖ్యలోనే ఉండాలట. ఎన్ని రకాలు పడితే ఏడాదిలో అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారని అక్కడివాళ్ల నమ్మకం.