మంచు ఊళ్లో మిరప నారు

డెట్రాయిట్ శివారు నోవైలో మిరప నారు పోసేది ఫిబ్రవరిలో. అక్కడి ఒక తెలుగు దంపతుల ఇంటి బయట మంచు గుట్టలు. కింద బేస్‌మెంట్‌లో ఇనుప అరల నిండా ట్రేలు, వాటిపైన గొలుసులకు వేలాడే ఎల్‌ఈడీ లైట్లు. ఆయనది సత్తెనపల్లి దగ్గర తరతరాలుగా మిర్చి వేసే కుటుంబం. అయినా ఈ పనికి ఇద్దరూ కొత్తే.

వేసింది తేజా, సన్నం రకాలు కాదు మరి. భూత్ జొలోకియా, కరోలినా రీపర్. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం 40 వేల దరిదాపుల్లో ఉంటుంది. జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్‌కెక్కింది. రీపర్ సగటు 16 లక్షల పైమాటే. మన మిరప వారం పది రోజుల్లో మొలుస్తుంది. ఇవి వేరే జాతి. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల దాటితే గానీ తల ఎత్తవు. అదీ మట్టిలో 27–30 డిగ్రీల వేడి ఉంటేనే.

“మా ఊళ్లో ఆ వేడి నేలే ఇస్తుందండీ. ఇక్కడ కరెంటు బిల్లు కట్టి కొనుక్కోవాలి” అన్నారాయన, ట్రే కింది హీట్ మ్యాట్ చూపిస్తూ. థర్మోస్టాట్ తీగ కొస మట్టిలో గుచ్చి ఉంది. గది ఎంత వెచ్చగా ఉందన్నది గింజకు అనవసరం.

అసలు చెయ్యి ఆవిడది. కొబ్బరిపొట్టు మిశ్రమంలో పావు అంగుళం లోతున గింజ పెట్టి మూత వేస్తారు. మొలక కనబడగానే మూత తీసి, రోజుకు 14–16 గంటలు లైటు. లైటు మరీ ఎత్తున ఉంటే కాడలు సాగి వాలిపోతాయి. ఒక మొలకకు గింజ తొక్కు ఊడలేదు, లాగేద్దామా అన్నాను. “వద్దు అన్నయ్యగారూ, ఆకులూ ఊడొస్తాయి” అని దాని మీద నీటి చుక్క వేశారు.

“నిరుడు ఈయన పొలానికి పెట్టినట్టు రోజూ తడి పెట్టారు. నారుకుళ్లు వచ్చి, మొదళ్లు నూలుపోగుల్లా సన్నబడి ట్రే అంతా పడిపోయింది.” ఆయన కిమ్మనలేదు. ఇప్పుడు ట్రే అడుగున నీళ్లు పోసి, కాసేపు పీల్చుకోనిచ్చి, మిగిలింది పారబోస్తున్నారు. ఒక చిన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మట్టి పైన ఆరితేనే మళ్లీ నీళ్లు.

ఇంత ఘాటు ఎవరికోసమంటే ఇద్దరూ నవ్వారు. రీపర్ ఒక్క కాయ పెద్ద కుండెడు పప్పుకు ఎక్కువ. నన్నడిగితే కొత్తవాళ్లు హాబనెరో మిరపతో మొదలుపెట్టడం మేలు. అదీ ఈ జాతిదే, మొలిచే తీరూ అంతే. కాయ మాత్రం కూరలో వెయ్యొచ్చు.

మే నెలాఖరున రాత్రి చలి తగ్గాక, మొక్కల్ని రోజూ కాసేపు బయట నీడలో ఉంచి అలవాటు చేసి కుండీల్లో నాటుతారు. నేలలో నాటితే అక్టోబరు మంచుకు చచ్చిపోతాయి. కుండీ అయితే లోపలికి తెచ్చుకోవచ్చు. నిరుడు రెండోసారి పోసిన నారులో దక్కిన జొలోకియా ఒకటి మూలన ఉంది, కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురు వేసింది. ఆ చిగురుకు పేనుబంక పట్టింది. నేను బయల్దేరేసరికి ఆవిడ సబ్బునీళ్లు కలుపుతున్నారు.