పొట్ట కోత కన్నా ముందు చూడాల్సినవి

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్తే తెలంగాణ జిల్లాల మాటతీరంతా ఒక్కచోటే వినిపిస్తుంది. జనగామ, మహబూబాబాద్ వాళ్లు రైలు దిగి వచ్చారు. రైలు లేని భూపాలపల్లి వాళ్లు రాత్రే బస్సెక్కారు. 2016లో ఆ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి, తర్వాత ప్రభుత్వ వైద్య కళాశాలలూ వచ్చాయి. అయినా క్యాన్సర్ అనగానే అందరూ 1955 నాటి ఈ ఆస్పత్రి దారే పడుతున్నారు.

నేను వెళ్లింది పిత్తాశయానికి పాకిన క్యాన్సర్ గురించి తెలుసుకోవడానికి. సర్జన్‌తో మాట్లాడుతుండగా మానుకోట (మహబూబాబాద్) వైపు నుంచి వచ్చినామె అడిగింది: "సారూ, మా ఆయనకు పొట్ట కొయ్యకుంట చేస్తరా?"

"పాత కాగితాలున్నయా అమ్మా?"

"అప్పుడెప్పుడో గడ్డ ఉందని ఒక కిడ్నీ తీసిన్రు. ఆ కాగితాలు ఇంట్లున్నయి."

సర్జన్ కలం పక్కన పెట్టారు. అవి తప్పకుండా తెప్పించమన్నారు.

పిత్తాశయంలోనే పుట్టే క్యాన్సర్ వేరు, మరోచోటి నుంచి వచ్చి చేరేది వేరు. రెండోది అరుదు. మెలనోమా, మూత్రపిండం, రొమ్ము, జీర్ణాశయ క్యాన్సర్ల నుంచి అది రావచ్చు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా. నొప్పి మాత్రం అచ్చం పిత్తాశయంలో రాళ్ల నొప్పిలాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

వ్యాధి పిత్తాశయం దాటకపోతే ల్యాప్రోస్కోపీ పనికొస్తుంది. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, కెమెరా దించుతారు. పిత్తనాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి కోస్తారు. అసలు జాగ్రత్త ఆ తర్వాతే: తిత్తి పగలకుండా చిన్న సంచిలో వేసి బయటికి లాగాలి. పసరు ఒలికితే క్యాన్సర్ కణాలు పొట్టలోనూ, గాటు పెట్టిన చోటా మొలకెత్తవచ్చు. పిత్తాశయంలోనే పుట్టిన క్యాన్సరైతే తిత్తి ఒక్కటి తీస్తే చాలదు. చాలామందికి పక్కనున్న కాలేయం ముక్కనూ లింఫు గ్రంథులనూ కూడా తీయాల్సి వస్తుంది. ఒళ్లంతా పాకితే మందులే ప్రధానం.

ల్యాప్రోస్కోపీతో పిత్తాశయం తీయడం 1985లో జర్మనీలో సర్జన్ ఎరిక్ మ్యూహె మొదలుపెట్టిన పద్ధతి. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంటికి చిన్న గాటుతో త్వరగా కోలుకోవడం పెద్ద మేలు, కాబట్టి ఆమె ప్రశ్న న్యాయమైనదే. కానీ కోత ఎంతన్నది వ్యాధి ఎక్కడిదో తేలాకే నిర్ణయించాలి.

ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ కాగితాలు పారేయకండి. రాళ్ల ఆపరేషన్‌కు వెళ్లినా ఆ సంగతి ముందే చెప్పండి. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపమని అడగండి, రిపోర్టు చేతికి తీసుకోండి.