బంతి లేని పరుగు

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఆడతారు. ఓడిన రాత్రి మాత్రం అభిమానుల నోళ్లలో నానేది ఒక్కడే, స్ట్రైకర్. గచ్చిబౌలి స్టేడియం గేటు బయట, హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీలు తొడుక్కున్న కుర్రాళ్లు బైకులు స్టార్ట్ చేయకుండానే అరగంట వాదించుకునేవారు. "ఫామ్‌ల లేడన్నా, వచ్చే మ్యాచ్‌ల కూసోబెట్టాలె" అని ఒకడు. "వానికి బాల్ ఎవడిచ్చిండు? సక్కటి క్రాస్ ఒక్కటన్నా పడ్డదా?" అని ఇంకొకడు. వెనకనుంచి మూడోవాడు, "పరుగు చూసినవా నువ్వు? ఎన్నిసార్లు డిఫెండర్లను లాక్కపోయిండో లెక్కపెట్టినవా?" ఆ మూడో ప్రశ్న దగ్గర వాదన కాసేపు ఆగేది. ఎందుకంటే దాన్ని లెక్కపెట్టినవాళ్లు ఎవరూ ఉండరు. ఫుట్‌బాల్ చూడటంలో అసలు రుచి ఆ మూడో ప్రశ్నలోనే ఉందని నా గట్టి నమ్మకం.

2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్ సంగతే తీసుకోండి. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే, లీగ్ దశంతా ఖాళీ స్టేడియాల్లోనే జరిగాయి. కోచ్ మనోలో మార్కెజ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ జట్టులో నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచే 37 ఏళ్ల వయసులో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. మార్చి 20న ఫాతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ప్రేక్షకులను రానిచ్చారు, గ్యాలరీ నిండా కేరళ అభిమానులే. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీతో స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3-1తో కప్పు మనదైంది.

పద్దెనిమిది గోల్స్ వీరుడు ఆ ఫైనల్లో గోల్ కొట్టలేదు. కప్పు గెలిచిన సంబరంలోనూ దాని మీద వాదన నడిచింది. పెద్ద మ్యాచ్‌లో మాయమయ్యాడని కొందరు, అతను ఉండబట్టే సెంటర్ బ్యాక్‌లు చోటు వదిలి బయటికి రాలేకపోయారని కొందరు. నేను రెండో పక్షం. గోల్స్ కొట్టేవాడన్న పేరే ఎదుటి డిఫెన్స్‌ను సగం కట్టేస్తుంది. అతను పెనాల్టీ బాక్సులో ఊరికే నిలబడినా ఇద్దరి కళ్లు అతని మీదే ఉంటాయి. ఆ రెండు జతల కళ్లు వదిలేసిన జాగా ఇంకొకరికి పనికొస్తుంది.

తొంభై నిమిషాల ఆటలో స్ట్రైకర్ కాలి దగ్గర బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా అతను చేసే పని ఎవరి ఖాతాలోనూ పడదు. ఒక ఎత్తు చూడండి. కుడి వైపు వింగర్ బంతితో లైను దగ్గరికి చేరాడు. సెంటర్ ఫార్వర్డ్ దగ్గరి పోస్టు వైపు మూడడుగులు వేగంగా వేశాడు. అతన్ని కాస్తున్న డిఫెండర్ వెంట పోక తప్పదు, పోకపోతే అక్కడే తల తగిలించి గోల్ చేస్తాడు. వాళ్లిద్దరూ ముందుకు జరిగేసరికి పెనాల్టీ స్పాట్ దగ్గర పదడుగుల నేల ఖాళీ. వింగర్ బంతిని వెనక్కి కోస్తాడు, మిడ్‌ఫీల్డర్ ఆ ఖాళీలోకి ఉరికొచ్చి తన్నేస్తాడు. గోల్ మిడ్‌ఫీల్డర్ పేరున, అసిస్ట్ వింగర్ పేరున. ఆ గోల్‌కు తలుపు తీసినవాడి పేరు ఏ పట్టికలోనూ ఉండదు.

ఆఫ్‌సైడ్ నిబంధన ఈ విద్యకు ఇంకా పదును పెట్టింది. ఒకప్పుడు దాడి చేసే ఆటగాడికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి. 1925లో ఇద్దరు చాలన్నారు. 1990లో వెనక నుంచి రెండోవాడితో సమంగా ఉన్నా తప్పు లేదన్నారు. అప్పటినుంచి స్ట్రైకర్ ఆ డిఫెండర్ భుజానికి భుజం ఆనించి, వాడి కంటి కొసకు అందనంత వెనగ్గా నిలబడి, పాస్ బయల్దేరే క్షణం కోసం కాచుకుంటాడు. అర సెకను ముందైతే జెండా లేస్తుంది. అర సెకను ఆలస్యమైతే డిఫెండర్ తిరిగేస్తాడు.

ఇదంతా టీవీలో కనపడదు. కెమెరా బంతి వెంట పోతుంది, మన కళ్లు కెమెరా వెంట పోతాయి. గ్యాలరీ పై వరసలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఫతే మైదాన్‌లో ఆటలు చూసి పెరిగినవాడు, ఒకసారి నా మోకాలి మీద తట్టి, "బంతి యాడికీ పోదు బిడ్డా, దాన్ని అందరు చూస్తున్నరు. నువ్వు కొంచెంసేపు ఆ తొమ్మిదో నంబరోణ్ని చూడు" అన్నాడు. చూశాను. ఆ కుర్రాడు నడుస్తున్నాడు. నడుస్తూనే తల అటొకసారి, ఇటొకసారి తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటున్నాడు. బంతి కోసమన్నట్టు రెండడుగులు కిందికి వచ్చాడు, డిఫెండర్ వెంట రాగానే గిరుక్కున తిరిగి వాడి వెనకున్న ఖాళీలోకి దూకాడు. ఎక్కడ వేయాలో చేత్తో చూపించాడు కూడా. పాస్ ఇవ్వాల్సినవాడు ఇంకో టచ్ తీసుకున్నాడు. బంతి వచ్చేసరికి జెండా పైకి లేచింది. గ్యాలరీ అంతా ఉసూరుమంది, తిట్లన్నీ స్ట్రైకర్‌కే పడ్డాయి. పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఈ ఊరి సంప్రదాయం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన కాలంలో ఇక్కడి గ్యాలరీలు ఆటను చదవడం నేర్చుకున్నాయి. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో ఈ తరానికీ పరిచయమయ్యాడు. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు.

రహీం సాబ్ తీసుకున్న నిర్ణయాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనిది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీం అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. దక్షిణ వియత్నాం మీద అతను గోల్ కొట్టాడు, భారత్ 3-2తో గెలిచింది. తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాయే ఫైనల్లో ఎదురైంది. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఇంకో గోల్, 2-1తో స్వర్ణం. సికింద్రాబాద్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. ఏ మనిషి ఎక్కడ కదిలితే ఎదుటివాళ్ల అమరిక చెదురుతుందో రహీంకు తెలుసు. జెర్సీ మీది నంబరు ఆయనకు ముఖ్యం కాలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఫామ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా మిగిలిన కుర్రాళ్లు ఆ సీజన్ మోశారు. అప్పుడూ గేటు దగ్గర స్ట్రైకర్‌నే తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ నడిమి వరసలో బంతిని నిలబెట్టి, తలెత్తి చూసి, సమయానికి వదిలే మనిషి లేకపోతే ముందున్నవాడి పరుగులన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఫామ్ అన్నది ఒంటరి మనిషి ఆస్తి కాదు. పాస్ ఇచ్చేవాడికీ పరుగు తీసేవాడికీ మధ్య కుదిరే లంకె అది. లంకె తెగితే ముందుగా నిందపడేది స్ట్రైకర్ మీద, ముందుగా బయట కూర్చునేదీ అతనే.

పరుగు ఆపని స్ట్రైకర్‌కు ఫలితం ఎప్పుడైనా రావచ్చు. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలోనే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ తలపడ్డాయి. తొంభై నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయానికి పోతుందనుకుంటున్న వేళ, ఇంజురీ టైమ్‌లో బెంగాల్ స్ట్రైకర్ రాబీ హాంస్దా గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయాడు. 89వ నిమిషంలో అతన్ని బయటికి పిలిచి ఉంటే ఆ గోల్ ఉండేది కాదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఐఎస్‌ఎల్‌లో ఈ ఊరికి జట్టు లేకపోవడం నాకు నిజంగా బాధ. ఆ గేటు బయటి వాదనలు ఆగిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. పరాయి జట్టు డిఫెండర్‌ను మెచ్చుకోవడం, మన జట్టు లోపం ఒప్పుకోవడం, కనపడని శ్రమకు పేరు పెట్టడం చాలామంది కుర్రాళ్లు అక్కడే నేర్చుకున్నారు. ఆట తెలిసిన ప్రేక్షకులున్న ఊళ్లో ఆటగాళ్లు ఊరికే బద్ధకించరు.

అయినా ఫుట్‌బాల్ ఊరు విడిచిపోలేదు. శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది, బస్తీ మైదానాల్లో పొద్దున్నే ఆడే పిల్లలున్నారు, కాలేజీ టోర్నీలున్నాయి. ఈసారి ఏ మ్యాచ్‌కు వెళ్లినా ఒక్క పది నిమిషాలు బంతిని వదిలేసి స్ట్రైకర్‌ను మాత్రమే చూడండి. ఆ తర్వాత అతను ఫామ్‌లో ఉన్నాడో లేడో వాదించండి. మీ మాటకు అప్పుడు విలువ ఉంటుంది.