ఆ ఒక్క నాదం కోసం...

సంక్రాంతికి ప్రభల తీర్థాలు, మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, ఊరూరా అమ్మవారి జాతర్లు, డిసెంబరులో క్రిస్మస్‌ ఆరాధనలు... కోనసీమలో ఏ సందడైనా సరే, మైకు సెట్టు లేందే పూర్తికాదు. కొబ్బరిచెట్టుకు కట్టిన హారన్లు, స్టేజీకి అటూ ఇటూ నిలువెత్తు సౌండు బాక్సులు, మధ్యలో ఆర్కెస్ట్రా. ఆ బృందంలో అందరికంటే అసంతృప్తిగా కనిపించే మనిషి ఎవరో తెలుసా? గిటారిస్టు!

గాయకుడికి మైకుంది. కీబోర్డు ముందు కూర్చున్నాయన ఒక మీట నొక్కితే వేణువు పలుకుతుంది, ఇంకో మీటకు వయొలిన్లు. తబలా, డోలక్‌ల సంగతి సరేసరి. గిటారిస్టు మాత్రం పాట మొదలయ్యే క్షణం దాకా నేలమీదికి వంగి ఏవో నాబులు తిప్పుతూనే ఉంటాడు. ‘ఇంకొంచెం ట్రెబుల్‌ తగ్గించు బాబాయ్‌’ అని మైకు సెట్టు ఆయన్ని బతిమాలతాడు. ఆయన తగ్గిస్తాడు. ఈసారి గిటారు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. పోనీ పెంచమంటే... రేకు డబ్బా మీద వాన!

ఇందులో మైకు సెట్టు తప్పేమీ లేదు. లోపలికి వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు పెద్దది చేసి పంపడమే దాని పని. హారన్‌ అయితే మనిషి మాట పొలాలు దాటి వినిపించడానికి పుట్టింది. ఎలక్ట్రిక్‌ గిటారు సంగతి వేరు. తీగల కింద అయస్కాంతం, దానిచుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. దాన్నే పికప్‌ అంటారు. తీగ కదిలితే అందులో అతి చిన్న కరెంటు పుడుతుంది. అది ఇంకా నాదం కాదు, ముడిసరుకు. దాన్ని గిటారు శబ్దంగా వండేది ఆంప్లిఫయర్‌, దాని స్పీకరు. గిటారు స్పీకరు పైస్థాయి కీచుదనాన్ని చాలామటుకు తనలోనే మింగేస్తుంది. అంటే చేతిలో ఉన్నది సగం వాయిద్యమే. మిగతా సగం వెనకాల ఉండే పెట్టె. ఆ పెట్టె లేకుండా నేరుగా మైకు సెట్టుకు తగిలిస్తే సగం వాయిద్యంతో కచేరీ చేసినట్టే.

ఆ మిగతా సగం కోసం మొదలయ్యేదే ఈ కథంతా. దీనికి ‘టోన్‌’ అని పేరు. ఒకసారి చెవిలో పడిందా, ఇక నిద్రపట్టదు.

పాత వాల్వు రేడియో గుర్తుందా? స్విచ్చి వేశాక లోపలి గాజు బుడ్లు ఎర్రబడి, వేడెక్కితేగానీ పలికేది కాదు. అవే వాల్వులు గిటారు ఆంప్లిఫయర్లలోనూ ఉంటాయి. వాటిని వాటి శక్తికి మించి తోస్తే శబ్దం చిట్లుతుంది. రేడియో మెకానిక్‌ దృష్టిలో అది లోపం. గిటారిస్టుకు అదే అమృతం! 1964లో లండన్‌లో ‘ది కింక్స్‌’ బృందానికి చెందిన డేవ్‌ డేవిస్‌ అనే కుర్రాడు ఆ చిట్లిన శబ్దం కోసం తన చిన్న ఆంప్లిఫయర్‌లోని స్పీకరు అట్టను బ్లేడుతో చీల్చేశాడు. ఆ గరగరతో వచ్చిన ‘యూ రియల్లీ గాట్‌ మీ’ బ్రిటన్‌లో నంబర్‌ వన్‌ పాటయింది. అదే నగరంలో డ్రమ్స్‌ దుకాణం నడిపే జిమ్‌ మార్షల్‌ అంతకు కాస్త ముందే అమెరికా ఫెండర్‌ కంపెనీ ఆంప్లిఫయర్‌ సర్క్యూట్‌ను చూసి, అక్కడ దొరికిన విడిభాగాలతో తన సొంత పెట్టె చేయించాడు. భాగాలు మారాయి, నాదమూ మారింది. ప్రపంచమంతా దాని వెంటపడింది.

ఇక ఎడ్డీ వాన్‌ హాలెన్‌ సంగతి మరీ చిత్రం. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు. ఆయన ‘వేరియాక్‌’ అనే పరికరం పెట్టి, తన మార్షల్‌కు అందే కరెంటును 90 వోల్టుల దరిదాపులకు దించేవాడు. ఆ నలిగిన, మెత్తని మోత కోసం. లో ఓల్టేజీ కోసం డబ్బులిచ్చి మిషను కొనుక్కున్నాడన్నమాట! సాయంత్రం ఏడయ్యేసరికి బల్బు గుడ్డిదీపమయ్యే రోజుల్లో కోనసీమ పల్లెల్లో అది ఉచితంగా దొరికేది. స్టెబిలైజరు కొనీ కొనీ విసిగిపోయిన ఇళ్లలో మాత్రం ఈ మాట అనకండి. మరో మాట... వాల్వు ఆంప్లిఫయర్‌ లోపల మూడు నాలుగు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో కొంత నిల్వ ఉండిపోతుంది. పుస్తకం చూసి స్క్రూడ్రైవరు పట్టుకునే కుర్రాళ్లు ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయడం మేలు.

ఈ పిచ్చి ఖరీదైనది కూడా. ఒక్కో పెడల్‌... అదే, కాలితో నొక్కే చిన్న డబ్బా... వేలల్లో ఉంటుంది. ఒకటి కొంటే ఆగదు. ‘మొన్ననే కదా ఒకటి తెచ్చావు, మళ్లీ ఇదేంట్రా నాన్నా’ అని ఇంట్లో అమ్మ అడిగితే చెప్పడానికి జవాబుండదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఆవిడ చెవికి ఒకేలా పలుకుతాయి కూడా. ‘ట్యూబ్‌ స్క్రీమర్‌’ అని జపాన్‌ నుంచి 1970ల చివర్లో వచ్చిన ఆకుపచ్చ డబ్బా ఒకటుంది. దాని లోపలి 4558 అనే చిప్‌ కొత్తది కొనబోతే కొన్ని రూపాయలే. కానీ ఆనాటి పాత చిప్‌ అయితేనే ఆ నాదం వస్తుందని దానికోసం ప్రపంచమంతా గాలించేవాళ్లున్నారు. అసలు ఆ చిప్‌ గిటారు కోసం తయారైందే కాదు, ఆడియో పరికరాల్లో వాడే మామూలు సరుకు!

అన్నిటికీ మించింది డంబుల్‌ కథ. కాలిఫోర్నియాకు చెందిన అలెగ్జాండర్‌ డంబుల్‌ 2022లో పోయేనాటికి చేసినవి మొత్తం కొన్ని వందల ఆంప్లిఫయర్లే. లోపలి సర్క్యూట్‌ను ఎవరూ కాపీ కొట్టకుండా జిగురు ముద్దతో కప్పేసేవాడు. ఇప్పుడు అవి లక్ష డాలర్లు దాటి అమ్ముడవుతున్నాయి. అయితే ఆయన గొప్పతనం జిగురులో లేదు. కొనబోయే మనిషి వేళ్లు ఎలా ఆడతాయో విని, ఆ వేళ్లకు తగ్గట్టు పెట్టెను సరిచేసేవాడు. కొలతలు తీసుకుని చొక్కా కుట్టే దర్జీలాగా. మరి ఇప్పుడు లక్ష డాలర్లు పోసేవాళ్లు కొంటున్నదేమిటి? ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కా!

వశిష్ఠకు ఆవలి ఒడ్డున

తన కొలతలకు తానే నాదం కుట్టుకున్న మనిషిని చూడాలంటే కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. రాజోలు నుంచి బయల్దేరి, దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా గోదారి దాటితే చాలు... కాసేపట్లో పాలకొల్లు. ఉప్పలపు శ్రీనివాస్‌ అక్కడే 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. లోకానికి మాండలిన్‌ శ్రీనివాస్‌.

తండ్రి సత్యనారాయణ సంగీతం తెలిసినవారు. ఆరేళ్ల వయసులో పిల్లాడు తండ్రి మాండలిన్‌ అందుకున్నాడు. ఆ చెయ్యి చూసి తండ్రి కొత్త వాయిద్యం కొనిచ్చి తానే పాఠాలు మొదలుపెట్టారు. తరవాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గర చేర్చారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్‌ శిష్యుడు. కృతులు తెలుసు, కానీ మాండలిన్‌ వాయించడం రాదు! అందుకని ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగల మీద వెతుక్కునేవాడు. ఒకరకంగా అదే మేలయింది. మాండలిన్‌ తెలిసిన గురువైతే ‘ఇది దీనిమీద పలకదు నాయనా’ అని మొదటిరోజే చెప్పి ఉండేవారేమో.

నిజంగానే పలకదు మరి. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట కుదురుగా నిలబడదు, ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. వీణలో అయితే ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించొచ్చు. మాండలిన్‌లో తీగలు ఎనిమిది, నాలుగు జంటలుగా ఉంటాయి. పొడవు 35 సెంటీమీటర్లు, గిటారు తీగలో సగానికి కాస్త ఎక్కువ. బిగువెక్కువ. జంటను పక్కకు లాగితే ఒక తీగ ఒక దారి, రెండోది ఇంకో దారి. శ్రుతి చెడుతుంది. అంతకుమించిన చిక్కు ఇంకోటి ఉంది. మీటగానే ‘టింగ్‌’మని మోగి అంతలోనే ఆగిపోతుంది. పాత సినిమా పాటల్లో మాండలిన్‌ గలగలా వణుకుతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. శబ్దం ఆగిపోకుండా మీటిందే మీటుతూ ఉంటారు. గమకానికి ఆ పప్పులుడకవు. ఒక్క మీటుతో పుట్టిన స్వరం ఊగి, జారి, చోటికి చేరేదాకా బతికుండాలి.

జవాబు ఎలక్ట్రిక్‌ మాండలిన్‌లో దొరికింది. మామూలు మాండలిన్‌ డొల్లబుర్ర తీగలోని శక్తిని గాల్లోకి చకచకా ఖర్చు చేసేస్తుంది. అందుకే బిగ్గరగా మోగి త్వరగా ఆగుతుంది. గట్టి చెక్కతో చేసినదైతే ఖర్చు తక్కువ. తీగ చాలాసేపు కదులుతూనే ఉంటుంది. కానీ వినిపించదు! ఆ వినిపించని మోతను పికప్‌ పట్టుకుని ఆంప్లిఫయర్‌కు అందిస్తుంది. జంట తీగలు పోయి ఒంటి తీగలు వచ్చాయి. ఎనిమిది కాస్తా ఐదయ్యాయి. గమనించారా... వాన్‌ హాలెన్‌కు కావలసింది చిట్లిన నాదం. ఈ కుర్రాడికి కావలసింది చిట్లకూడదు, తెగకూడదు. ఇద్దరూ తిప్పింది అవే నాబులు.

సముద్రాల ఆవల, 1952లోనే, అమెరికాలో టైనీ మూర్‌ అనే పల్లెపాటల వాద్యకారుడికి పాల్‌ బిగ్స్‌బీ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ చేసిచ్చాడు. ఆయన అవసరం వేరు, డ్యాన్సు హాళ్ల హోరులో వినిపించాలి. దారి మాత్రం ఒకటే అయింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో శ్రీనివాస్‌ తొలి కచేరీ. తొమ్మిదేళ్లు. తరవాత కుటుంబం మద్రాసు చేరింది. ఒక్కసారి ఆలోచించండి... కొడుకు చేతిలోని వాయిద్యానికి శాస్త్రీయ సంగీతంలో చోటే లేదు. వైర్లున్న వాయిద్యమంటే సభల్లో సినిమా సరంజామా. ఆ భరోసా మీద ఊరు వదిలిన ఇల్లది. 1981 డిసెంబరు సీజన్‌లో ఇండియన్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ సొసైటీలో పన్నెండేళ్ల పిల్లాడు కూర్చుని వాయించాడు. కళ్లు మూసుకుని విన్నవాళ్లకు వాయిద్యం ఏదన్న ప్రశ్న గుర్తురాలేదు. సుమారు రెండు శతాబ్దాల కిందట బాలుస్వామి దీక్షితార్‌ చేతికి వయొలిన్‌ కూడా పరాయిదిగానే వచ్చింది. ఇవాళ అది లేని కచేరీ ఉందా? తరవాతి రోజుల్లో శాక్సోఫోన్‌ మీటలు మార్పించుకుని కద్రి గోపాల్‌నాథ్‌ నడిచిందీ ఆ దారిలోనే.

1983లో, పద్నాలుగేళ్లకు, బెర్లిన్‌ జాజ్‌ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. ఆయన దగ్గర మాండలిన్‌ నేర్చుకున్నవాళ్లలో ఒకరు వెదురుపాక మూలాలున్న సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్‌. తమ్ముడు రాజేశ్‌ కూడా అదే వాయిద్యం పట్టాడు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, చెన్నైలో శ్రీనివాస్‌ కన్నుమూశాడు.

ఇద్దరు పిచ్చివాళ్ల స్నేహం

టోన్‌ వేటగాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ రావడంలో ఆశ్చర్యం లేదు. 1995లో ‘డ్రీమ్‌’ అనే ఆల్బమ్‌లో ఆయనతో కలిసి పనిచేసింది మైకేల్‌ బ్రూక్‌. ఈ బ్రూక్‌ ‘ఇన్ఫినిట్‌ గిటార్‌’ను కనిపెట్టిన మనిషి. మీటిన స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగకుండా మోగుతూనే ఉండేలా చేసిన గిటారు. 1987లో యూటూ బృందం ‘విత్‌ ఆర్‌ వితౌట్‌ యూ’ పాటలో సన్నగా సాగే ఆ మోత దానిదే. ‘టింగ్‌’మని ఆగిపోయే శబ్దంతో పాలకొల్లులో తంటాలు పడ్డ పిల్లాడూ, శబ్దం ఆగకూడదని సర్క్యూట్లు కట్టిన కెనడా మనిషీ ఒకే స్టూడియోలో కూర్చున్నారు!

జాన్‌ మెక్లాఫ్లిన్‌ది ఇంకో దారి. మహావిష్ణు ఆర్కెస్ట్రా రోజుల్లో హోరెత్తించిన ఈ ఇంగ్లిష్‌ గిటారిస్టు, 1970ల నడుమ ‘శక్తి’ బృందం పెట్టినప్పుడు ఎలక్ట్రిక్‌ వదిలేసి మామూలు గిటారు పట్టుకున్నాడు. గమకం కావాలి. మెట్ల మీద తీగ వీణలోలా జారాలి. అందుకని మెట్ల మధ్య చెక్కను గిన్నెలా తవ్వించుకున్నాడు. అడ్డంగా శ్రుతి తీగలు కట్టించుకున్నాడు. శ్రీనివాస్‌ వాయిద్యానికి కరెంటు పెట్టుకున్నది దేనికోసమో, ఆయన కరెంటు తీసేసిందీ దానికోసమే.

‘రిమెంబర్‌ శక్తి’ పేరుతో ఆ బృందం మళ్లీ కూడినప్పుడు ఇద్దరూ ఒకే వేదిక మీద కలిశారు. ఈసారి మెక్లాఫ్లిన్‌ చేతిలోనూ ఎలక్ట్రిక్‌ గిటారే. పక్కన జాకిర్‌ హుస్సేన్‌ తబలా, సెల్వగణేశ్‌ కంజీర. గిటారు ఒక వాక్యం విసురుతుంది. ఐదు తీగల ఆ చిన్న వాయిద్యం దాన్ని అందుకుని, ఊగించి, ఇంకో రెండు మెలికలు కలిపి తిరిగి విసురుతుంది. ఆ వీడియోల్లో శ్రీనివాస్‌ వేళ్లవైపు చూడడు. ఆంప్లిఫయర్‌ వైపు అసలే చూడడు. మెక్లాఫ్లిన్‌ మొహంలోకి చూస్తూ నవ్వుతుంటాడు.