వెనక సీటు షీషా



ఈసారి రాసేది కారు షీషా గురించి. అదీ వెనక డోరు షీషా గురించి. ఇందులో రాయడానికేముంది, పగిలితే మార్చుకుంటాం అంటారేమో. నేనూ అట్లాగే అనుకున్నాను. పగలకముందే మార్చాల్సిన షీషా కూడా ఉంటుందని, అది పైకి ఏ ఐబూ లేకుండా కనిపిస్తుందని నాకు అర్థమయ్యేసరికి, మా భాంజా కూర్చునే చోట సీటు నిండా గాజు ముక్కలున్నాయి.

మా దూల్హాభాయ్ దమ్మామ్‌లో ఉంటారు. రెండేళ్ళకోసారి ఛుట్టీ. పోయినసారి వచ్చినప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు. ఆపాకి డ్రైవింగ్ రాదు. అమ్మీకి మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కలేదు. భాంజాకి ఐదేళ్ళు, ఎప్పుడు చూసినా జలుబూ జ్వరమూ. అందుకని తిరిగి వెళ్ళే రోజు బెంగళూరు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తాళాలు నా చేతిలో పెట్టి, "గాడీ నై రే యే, అమానత్ హై" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వుతూనే జేబులో వేసుకున్నాను.

రంజాన్ వెళ్ళి షవ్వాల్ వచ్చిందంటే మా కడపలో షాదీఖానాలు ఖాళీగా ఉండవు. అట్లాంటి ఒక వలీమాకి దోస్త్ మదద్ అడిగాడు. భోజనాలయ్యాక కిరాయి సామాను వాపస్ ఇచ్చి రావాలి, ఆ టైముకి ఆటో దొరకలేదు. ఆపాని అడిగి కారు తెచ్చాను. వలీమాకి అని చెప్పాను గానీ, డేగ్‌లు మొయ్యడానికని చెప్పలేదు. చిన్న డేగ్‌లు రెండు ఎట్లాగో డిక్కీలో పట్టాయి. కఫ్‌గీర్‌లు పట్టలేదు. బిర్యానీ కఫ్‌గీర్ ఎంత పొడుగుంటుందో మీకు తెలుసు కదా. వెనక ఎడమ డోరు అద్దం సగం దించి, ఇనప కాడలు బయటికి పెట్టాం. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఎగిరింది. టక్‌మని ఒక చప్పుడు. అంతే.

సామాను దించేసి చూశాను. అద్దం పై అంచున, వెనక మూలకి దగ్గరగా, కందిగింజంత పెచ్చు లేచిపోయింది. దాని చుట్టూ చిన్న తెల్లటి మచ్చ. స్విచ్ నొక్కితే అద్దం చక్కగా పైకెళ్ళింది. పైకెళ్ళగానే ఆ పెచ్చు రబ్బరు బీడింగ్ లోపల దాక్కుంది. బయటి నుంచి చూస్తే షీషా బిల్‌కుల్ సాఫ్. అల్హందులిల్లాహ్ అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది షుక్రియాతో అన్న మాట కాదు. నా గల్తీ కనపడకుండా పోయిందని అన్న మాట.

అయినా మనసులో ఫికర్ పోలేదు. ఒకసారి ముందద్దానికి రాయి తగిలి చుక్క పడితే, సూదితో ఏదో మందు ఎక్కించి ఆపేశారని గుర్తొచ్చింది. ఇదీ అట్లా చేయించేస్తే దూల్హాభాయ్‌కి తెలియకుండానే అయిపోతుంది కదా అని గ్లాస్ పని చేసే చాచా దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దం సగం దించి, టార్చి వేసి చూసి, గోరుతో అంచు మీద ఒక్కసారి తడిమాడు.

"ఇస్కా ఇలాజ్ నై బేటా. బదల్‌నాచ్" అన్నాడు.

"ముందద్దానికి చేస్తారు కదా చాచా, రెజిన్ ఎక్కించి?"

"అది వేరే, ఇది వేరే" అని స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. ముందద్దం అంటే రెండు షీషాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. దెబ్బ తగిలితే పై షీషాకే దరార్ వస్తుంది, మధ్య పొర పట్టుకుంటుంది. అందుకే చిన్న చిప్ అయితే రెజిన్‌తో ఆపొచ్చు. డోరు షీషా సాధారణంగా ఒకటే పలక. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. అప్పుడు పైపొర నొక్కుకుని గట్టిపడుతుంది, లోపలి భాగం సాగదీసినట్టు ఉంటుంది. ఆ రెండింటి జోర్ మీదే షీషాకి అంత బలం. చెయ్యి పెట్టి కొట్టినా పగలదు. కానీ దెబ్బ ఆ పైపొర దాటి లోపలికి దిగిందంటే ఆ జోర్ అంతా ఒక్కసారి విడిపోతుంది. షీషా మొత్తం ముక్కలైపోతుంది. అన్నిటికంటే కమ్‌జోర్ జాగా అంచు. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

"మరి ఇప్పుడు నిలబడే ఉంది కదా?"

"ఉంది. ఎంతవరకు ఉంటుందో నన్ను అడగొద్దు. ఇవాళ రాత్రి పోవచ్చు, సాల్ తర్వాత పోవచ్చు. ఎండలో కారు కాగి ఉంటే, నువ్వు ఏసీ వేసి డోరు గట్టిగా వేస్తే, అదే చాలు."

షీషా, మజ్దూరీ కలిపి 2,600 చెప్పాడు. బండి ఇన్సూరెన్స్ ఎట్లాంటిదో మాలిక్‌ని అడుగు, ఉంటే అది కూడా చూసుకోవచ్చన్నాడు. మాలిక్‌ని అడగడం అనేసరికి నా అడుగు ఆగిపోయింది. పైసలు పెద్ద సమస్య కాదు. షీషా ఎట్లా పోయిందని అడిగితే డేగ్‌ల సంగతి చెప్పాలి, ఆపాకి పూర్తిగా చెప్పకుండా కారు తీసుకున్నానని చెప్పాలి. వచ్చే హఫ్తా చూద్దాం అనుకుని ఇంటికొచ్చాను.

ఆపాతో ఒక ఝూట్ కూడా చెప్పాను. "ఆ ఎడమ అద్దం దించొద్దు ఆపా, మోటార్ ఖరాబ్ ఉంది" అని. దించకపోతే పగలదని నా లెక్క. అట్లా 3 హఫ్తాలు గడిచాయి. ప్రతి జుమా కారు కడిగినప్పుడు ఆ షీషాని కూడా మెరిసేలా తుడిచేవాణ్ణి. అల్లాహ్ మాలిక్, ఏమీ కాదులే అనుకునేవాణ్ణి. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కల్ చేయమన్న మాట మనందరికీ తెలిసిందే. నేను మాత్రం కట్టకుండానే తవక్కల్ చేస్తున్నాను.

మే నెలలో రాయచోటిలో మా ఖాలా మనవరాలి అఖీఖా. ముందు ఆపా, వెనక కుడివైపు అమ్మీ, ఎడమవైపు భాంజా. వాడికి కిటికీ పక్కన తప్ప కూర్చోవడం ఇష్టముండదు. దారిలో చెంప ఆ షీషాకే ఆనించి నిద్రపోయాడు. అద్దంలో వెనక్కి చూస్తే కనపడుతూనే ఉన్నాడు. నాకు తెలిసిన సంగతి వాడికి తెలీదు.

గువ్వలచెరువులో ఆగాం. ఆ దారిన వెళ్ళి పాలకోవా తినకుండా ఎవరు వెళ్తారు. ఏసీ ఆపకుండా నేను దిగి కోవా తెచ్చి, ఎడమ డోరు తీసి వాడి చేతికి ఇచ్చాను. అమ్మీ, "సీట్ పే గిరాతా రే, ఇధర్ ఆ" అని వాణ్ణి తన ఒళ్ళోకి లాక్కుంది. నేను డోరు వేశాను. ఆ డోరు కొంచెం గట్టిగా వేస్తే తప్ప పడదు, గట్టిగానే వేశాను.

బాంబు పేలినట్టు ఏమీ కాలేదు. ధబ్‌మని ఒక మొద్దు శబ్దం. కళ్ళ ముందే షీషా అంతా ఉప్పుగల్లులాగా తెల్లబడి, కుప్పగా లోపలికి రాలిపోయింది. అర నిమిషం ముందు వాడు కూర్చున్న చోటే. అట్లాంటి షీషా ముక్కలు కత్తుల్లాగా ఉండవు, మొద్దుగా ఉంటాయి, అందుకే డోర్లకి వాడతారు. కానీ నిద్రలో ఉన్న పిల్లవాడి కళ్ళ మీద పడితే మొద్దు ముక్క అయినా ఒకటే. అమ్మీ మణికట్టు మీద రెండుచోట్ల గీసుకుంది. కోవా పొట్లంలో కూడా ముక్కలు పడ్డాయి. వాడు మాత్రం ఏడుస్తూ, "మేరా కోవా" అంటున్నాడు.

ఆపా నా వైపు తిరిగి, "మోటార్ ఖరాబ్ అన్నావ్ కదా?" అంది.

జవాబు నా దగ్గర లేదు.

ఆ రోజు నుంచి నేను ఎవరి కారెక్కినా వెనక షీషాలు చూస్తున్నాను. చాచా దగ్గర నేర్చుకున్నవి మీకూ చెబుతాను. పిల్లల్ని కూర్చోబెట్టేది అక్కడే కాబట్టి.

షీషా పైకి ఉన్నప్పుడు చూస్తే సరిపోదు. పూర్తిగా కిందకి దించినా అంచు కనపడదు. సగం దించి, వెలుతురులో అంచు పొడుగూతా చూడాలి. అంచు మీద పెచ్చు లేచి ఉంటే మార్చాల్సిందే, చిన్నదా పెద్దదా అని లెక్క లేదు. మధ్యలో గీత ఉంటే దాని మీద గోరు అడ్డంగా నడపండి. గోరు తగలకుండా జారిపోతే అది పైపై గీతే, ఉండనివ్వొచ్చు. గోరు ఆగిపోతే దెబ్బ లోతుగా ఉందని. చాచాకి చూపించండి, మార్చమంటే మార్చండి. నెయిల్ పాలిష్, టేపు, రెజిన్, ఇవేవీ ఈ షీషాకి ఇలాజ్ కాదు.

మూలలో చిన్న ముద్ర ఉంటుంది. మన దేశపు షీషాల మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు చూడొచ్చు. టెంపర్డ్ అనో టఫెండ్ అనో ఉంటే నేను చెప్పిన రకం. లామినేటెడ్ అని ఉంటే ముందద్దం లాంటిది. కొన్ని ఖరీదైన కార్లలో డోర్లకూ అదే వేస్తారు. పగలకుండా పొడుగాటి దరార్‌తో నిలబడి ఉందంటే అది లామినేటెడ్ అయ్యుండొచ్చు. అయినా డోర్లో పైకీ కిందకీ జరిగే షీషాకి దరార్ వస్తే మార్చడమే నయం.

పగుళ్ళు లేకపోయినా కొన్ని నిశానీలున్నాయి. షీషా వంకరగా పైకెళ్ళడం, వెళ్ళేటప్పుడు గరగరమనడం, చేత్తో పట్టుకుంటే కదలడం, హైవే మీద ఈల వేసినట్టు గాలి రావడం, వాన పడితే సీటు తడవడం. వీటిలో చాలావాటికి ముందు రబ్బరో, లోపలి మెషినో చూపించాలి, ఊరికే షీషా మార్చేస్తే ఫిజూల్ ఖర్చు. కానీ అట్లాగే వదిలేస్తే రబ్బరులో ఇరుక్కున్న ఇసక షీషాని గీసి గీసి చివరికి దాన్నీ పాడు చేస్తుంది.

ఇంకో మాట ఫిల్ముల గురించి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కూడదన్నాక చాలామంది తీసేశారు. పర్దా కోసమని ఇంకా ఉంచుకున్న ఇళ్ళూ నాకు తెలుసు. ఫిల్ము ఉంటే షీషా పొడిపొడి అయినా రాలకుండా అట్లాగే నిలబడుతుంది. నిలబడింది కదా అని నడపకండి. అది అప్పటికే అయిపోయిన షీషా, ఫిల్ము దాన్ని మోస్తోందంతే.

ఒకవేళ దారిలో పగిలితే స్విచ్ నొక్కొద్దు. డోరు లోపల పడ్డ ముక్కలు మెషిన్లో ఇరుక్కుంటాయి. ఆ పక్కన ఎవర్నీ కూర్చోబెట్టకుండా, మందపాటి ప్లాస్టిక్ షీటు అంటించుకుని నెమ్మదిగా వెళ్ళి మార్పించుకోండి. కొత్తది వేసే ముందు డోరు ప్యానెల్ విప్పి లోపలి ముక్కలన్నీ తీయమని దగ్గరుండి చెప్పండి. కొత్త షీషా మీద ముద్ర ఉందో లేదో చూడండి. సస్తాలో వస్తుందని ఇంటి కిటికీ గాజు కోయించి వేస్తే, అది పగిలినప్పుడు కత్తుల్లాగే పగులుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మన షీషాకి ఏమీ రాదు. సొంత డ్యామేజీకి కూడా ఉంటే వస్తుంది, గాజు భాగాలకి తరుగు కట్టరు. కానీ 1500 సీసీ దాకా ఉన్న కార్లకి మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. చిన్న కారు డోరు షీషా ఒక్కటే అయితే జేబులోంచి పెట్టుకోవడమే చాలాసార్లు నయం. నేను నా జేబులోంచే పెట్టాను.

ఆ రాత్రి రాయచోటి నుంచే దూల్హాభాయ్‌కి ఫోన్ చేశాను. కఫ్‌గీర్ దగ్గర మొదలుపెట్టి మోటార్ ఝూట్ దాకా అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కటే అడిగారు, "బచ్చేకు కుఛ్ లగా క్యా?" అని. లేదన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "షీషా పోయిందని నేను ఏమన్నా అంటానా? మూడు హఫ్తాలు నా కొడుకుని దాని పక్కన కూర్చోబెట్టావు చూడు, అది చెప్పు" అన్నారు. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగానే అన్నారు.

మర్నాడు అమ్మీ సదఖా తీసింది. నేను చాచా దగ్గరికి వెళ్ళాను. ఆయన పాత సంగతి ఎత్తకుండా పని చేసి పంపించాడు. కారు తాళాలు ఆపాకి ఇచ్చేయబోతే తీసుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ. ఇకముందు ఏం జరిగినా అదే రోజు చెప్పు" అంది.

ఇప్పటికీ సీటు సందుల్లో అప్పుడప్పుడూ ఒక గాజుగింజ దొరుకుతుంది. తీసి పారేస్తాను. మీ కారు వెనక షీషాల్ని కూడా ఇవాళ ఒకసారి సగం దించి చూడండి. మీకు ముందే ఏదైనా కనిపించి ఉంటే, ఇంట్లో చెప్పండి. ఖుదా హాఫిజ్.