మందు చేసే పని, ఇల్లు చేసే పని

కెటమిన్ అంటే మనలో చాలామందికి ఆపరేషన్ బల్ల మీది మత్తుమందే. 1962లో అమెరికాలో తయారై, 1970లో అక్కడే ఆమోదం పొందింది. మత్తు రానంత తక్కువ మోతాదులో ఇస్తే డిప్రెషన్ మూడు రోజుల్లోనే తగ్గుముఖం పడుతోందని 2000లో యేల్ పరిశోధకులు కొద్దిమంది రోగుల్లో గమనించారు. మామూలు మాత్రలకు వారాలు పడుతుంది.

నాదర్‌గుల్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురికి పోయినేడు ఎల్బీనగర్‌లో ఈ మందు ఎక్కించారు. కిలో బరువుకి అర మిల్లీగ్రాము, నలభై నిమిషాలు. తోడుగా నేనే వెళ్ళాను. "పైనుంచి నన్ను నేనే చూసుకుంటున్నట్టుందే" అంది అక్క. గంటా రెండు గంటల్లో సర్దుకుంటుందన్నారు డాక్టరు. ఒళ్ళు వంటింట్లో, మనసింకెక్కడో ఉండటం అక్కకి కొత్తేం కాదు. ఇన్నేళ్ళూ దాన్నెవరూ లక్షణం అనలేదు, అంతే.

ఏ పనీ లేనప్పుడు మెదడు తనలోకి తాను తిరిగే అల్లికను 'డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్' అంటున్నారు. 'తప్పంతా నాదే' అన్న ఆలోచన గానుగెద్దులా తిరగడానికీ దీనికీ సంబంధం ఉందంటారు. కెటమిన్ గ్లూటమేట్‌ని అందుకునే ఎన్‌ఎండిఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఆ తర్వాత ఈ అల్లికలో ముడులు కొంత సడలినట్టు కొన్ని స్కాన్ అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఒక్క మోతాదు ఫలితం చాలామందిలో కొద్ది రోజులే.

సరే, మెదడులో ముడి సడలింది. ఇంట్లో ముడి మాటేమిటి? 'తప్పంతా నాదే' అని అక్కకి నేర్పింది న్యూరాన్లేనా?

ముక్కులో కొట్టుకునే ఎస్‌కెటమిన్‌కి 2019 మార్చిలో అమెరికాలో అనుమతి ఇస్తూ, రెండు గంటలు పరిశీలనలో ఉంచాలనీ, రాత్రి బాగా నిద్రపోయి లేచేదాకా బండి నడపకూడదనీ షరతు పెట్టారు. మెలకువ మందగిస్తుంది కనుక. బండి సంగతి చెప్పారు సరే, పొయ్యి సంగతి? మరుగుతున్న నూనె, గ్యాసు, చంటిపిల్ల స్నానం - వీటికీ అంతే మెలకువ కావాలి. బావ ఫోన్లో అడిగింది ఒక్కటే: "సాయంత్రానికి వంట చెయ్యగలదా?"

నేను డాక్టరుగారిని బతిమాలి చీటీ మీద రాయించాను: 'రేపు ఉదయం వరకు ఏ పనీ చేయరాదు.' సాగర్ రోడ్డు మీద ఆటోలో అక్క ఆ చీటీని మందులకంటే భద్రంగా పట్టుకుంది. ఆ రాత్రి బావే అన్నం వండాడు.

మన మాటకి లేని విలువ మందుల చీటీకి ఉందంటే నాకు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. ఆడవాళ్ళు కోలుకోవడాన్ని మళ్ళీ పనిలోకి దిగడంతోనే కొలిచినంతకాలం, ఎంత వేగంగా పనిచేసే మందైనా వాళ్ళని తిరిగి ఆ గానుగ దగ్గరికే చేరుస్తుంది. మందు కావాలి. దాంతోపాటు, చీటీ లేకుండానే విశ్రాంతి దొరికే ఇల్లూ కావాలి.